మాట్లాడని ఊరు

ముందు వినిపించేది గొంతు. ఆకుపచ్చ గుడ్డ తెర వెనక నుంచి, బెల్లం పాకంలా తీగసాగే ఆడగొంతు.

"ఏ ఊరు నాయనా మీది?"

ఎవరో మగమనిషి మూలుగుతూ నెల్లూరు అంటాడు.

"ఓ, నెల్లూరా. ఈ పొద్దు ఇంట్లో ఉండుంటే ఏం చేపలు తెచ్చుకుందురు?"

మూలుగు ఆగుతుంది. మనిషి చేపల పేర్లు ఎత్తుకుంటాడు. పులుసులో మామిడికాయ ముక్క ఎప్పుడు వెయ్యాలో, తన భార్య ఎప్పుడు వేసి చెడగొడుతుందో చెప్పుకుంటూ పోతాడు. గొంతు నిదానంగా "అట్లనా" అంటుంది. ఎండుపుల్ల విరిచినట్టు టక్కుమని ఒక చప్పుడు. వరండా బెంచీల మీద కూచున్నవాళ్ళందరూ ఒక్కసారి తమ కట్లని తాము పట్టుకునేంత కేక. ఆ తర్వాత ఏమీ ఉండదు. ఆ ఏమీ లేనితనంలోంచి తెర పక్కకి జరుపుకుని, కొంగుతో మెడ తుడుచుకుంటూ నాగవేణి బయటికొస్తుంది. "ఇంగెవురప్పా" అంటుంది.

పుత్తూరులో ఎముకలకి కట్టు కట్టే ఇళ్ళలో ఢిల్లీబాబు ఇల్లు చిన్నది. ఎముక సరిచేసేది ఆయన. ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, తెల్లగుడ్డ ఆయన చేతి కింద ఉంటాయి. వచ్చినవాళ్ళ తల దగ్గర కూచుని మాట్లాడేది నాగవేణి, ఆయన చిన్నాన్న కూతురు. బిగుసుకున్న కండలో ఎముక జరగదు. మనిషి దేన్నైనా చెప్పడంలో మునిగిపోయినప్పుడే కండ వదులవుతుంది. సరిగ్గా అప్పుడు నాగవేణి "అట్లనా" అనాలి. ఆ మాట పడితే ఢిల్లీబాబు లాగుతాడు. వాళ్ళిద్దరి మధ్య ఇంకే సైగా లేదు.

నాగవేణి లెక్కలో ఊరు తెలిస్తే మనిషి సగం తెలిసినట్టే. గుంటూరు పక్కవాళ్ళకి ఎదురు చెప్పాలి. "మీ మిరపకాయల్లో ఈ మధ్య కారం తగ్గిందంట గదా" అంటే చాలు, విరిగిన చెయ్యి మర్చిపోయి ఆ చేత్తోనే వాదనకి దిగుతారు. తిరుత్తణి నుంచి వచ్చే అరవవాళ్ళని పిల్లల మార్కులు అడగాలి, అదీ అరవంలోనే. హైదరాబాదువాళ్ళని ఏ దారిన వచ్చారని అడిగితే సరిపోతుంది, దారి అయిపోయేలోపు కట్టు అయిపోతుంది. కోలారు పక్కవాళ్ళు పళ్ళు బిగబట్టి కళ్ళు మూసుకుంటారు. వాళ్ళని ఆవుల పేర్లు అడగాలి. ఒక్కో పేరుకీ మొహం కాస్త విచ్చుకుంటుంది.

లెక్క తప్పినవాళ్ళూ ఉండేవాళ్ళు. ఒకసారి కర్నూలు నుంచి ఒకాయన వచ్చాడు. ద్వారబంధం నిండే మనిషి, పొదలాంటి మీసాలు. మణికట్టు పట్టుకోకముందే చిన్నబిడ్డలా ఏడ్చాడు. "సీమలో పుట్టి ఇట్ల ఏడస్తావేమప్పా" అని ఢిల్లీబాబు నవ్వితే నాగవేణికి కోపం వచ్చింది.

"ఆయప్పనేం అనబాకన్నా. పొరపాటున ఆడ పుట్టినాడు. గోదారి పక్క యాడో పుట్టాల్సిన మనిషి. దేవుడు మనుషుల్ని సల్లేటప్పుడు గాలి తోలింటాది. ఒక ఊరి గింజ ఇంగో ఊర్లో పడింటాది."

"అయితే నువ్వు యాడ పడాల్సిన గింజవి?" అన్నాడు ఢిల్లీబాబు.

ఆమె నవ్వేసి లోపలికి వెళ్ళిపోయింది. కానీ ఆ ప్రశ్న ఆమెలో అంతకుముందు నుంచే ఉంది, పాదంలో దిగి బయటికి కనబడని ముల్లులాగా.

ఎందుకంటే నాగవేణి మాటకారి కాదు. ఈ సంగతి పుత్తూరులో ఎవరికీ తెలియదు. పొద్దంతా నోట్లోంచి మాటలు తోడిపోసి సాయంత్రానికి అడుగంటిన బావిలా ఇంటికి వెళ్తుంది. ఆ ఇల్లు బజారు వీధిలో వాళ్ళ చింతపండు మండీ మీదే ఉంటుంది. కింద కాటా చప్పుడు, బేరాలు, లారీవాళ్ళ తిట్లు. పైన అత్తగారి టీవీ, దాని మీదుగా కేకలేసి మాట్లాడుకునే బంధువులు. పెరటి మెట్టు మీద కాసేపు ఊరికే కూచోవాలని ఉంటుంది ఆమెకి. కూచుంటే జ్వరమా అని ఎవరో ఒకరు నుదురు తాకి చూస్తారు. జ్వరం లేకపోతే ఎవరి మీదో అలిగిందనుకుంటారు. మాట్లాడకపోవడానికి మూడో కారణం ఒకటి ఉంటుందని ఆ ఇంటికి తెలియదు.

"ఏం మే, ఊరోళ్ళకంతా మాటలు పోసొచ్చి నాకు మడ్డి కూడా మిగల్చలేదే" అనేవాడు భర్త మునిశేఖర్. మంచివాడే. మాటంటే తిండి ఆయనకి. ఎప్పుడైనా ఆయన బేరం కథ చెప్తుండగా ఆమె పరధ్యానంగా "అట్లనా" అంటే మాత్రం ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కునేవాడు. "నా కాడ ఆ మాట అనబాకే తల్లీ. యాడో ఏదో ఇరిగినట్టు ఉంటాది."

అలాంటి రోజుల్లో వసంతమ్మ వచ్చింది.

పలమనేరు దాటి లోపలికి ఉన్న ఒక పల్లె నుంచి, వ్యాను వెనక నులకమంచం మీద పడుకోబెట్టి తెచ్చారు. పట్టుపురుగులకి ఆకు వేస్తూ నిచ్చెన మీద నుంచి పడి తొడ ఎముక విరిగింది. నాగవేణి కంటే కాస్త పెద్దది. మొగిలి ఘాట్ పైనున్నవాళ్ళని ఇక్కడ పడమటోళ్ళు అంటారు. వాళ్ళు ఇంత దూరం అరుదుగా వస్తారు. వాళ్ళకి ఏ ప్రశ్న వెయ్యాలో నాగవేణి దగ్గర సిద్ధంగా లేదు.

టమేటా ధర అడిగింది. వసంతమ్మ చూసింది, అంతే. చలి గురించి అడిగింది. సంగటి గురించి, పిల్లల గురించి అడిగింది. వసంతమ్మ అన్నింటికీ తల ఊపింది. ఢిల్లీబాబు తొడ పట్టుకుని "అట్లనా" కోసం ఎదురుచూస్తున్నాడు. చెప్పిందేమీ లేకపోతే అట్లనా అని దేనికి అనాలి? నాగవేణికి చెమట పట్టింది. చివరికి వసంతమ్మే ఆమె చేతిని తన అరచేతిలోకి తీసుకుని, "ఏం ఒద్దులే అమ్మణ్ణీ, పాపం. ఊరికే ఉండు" అంది. ఢిల్లీబాబు వైపు తిరిగి, "లాగప్పా" అంది.

లాగాడు. కేక లేదు. కంటి కొస నుంచి ఒక్క చుక్క చెవి వైపు జారింది. నాగవేణి ఊరికే ఉంది. అన్నేళ్ళలో ఆ తెర వెనక ఆమె ఊరికే ఉండడం అదే మొదలు.

తొడ ఎముక కాబట్టి వసంతమ్మ ప్రయాణం చెయ్యకూడదు. వెనక సందులో గది తీసుకుని ఉంచి, పురుగులు నాలుగో జ్వరానికి వచ్చాయని కొడుకు మరుసటి రోజే ఊరికి పరిగెత్తాడు. పురుగు కుబుసం విడిచే ముందు తిండి మాని పడుకోవడాన్ని వాళ్ళు జ్వరం అంటారు. దాన్నుంచి లేచిందంటే ఆకు మేపడానికి ఇంటిల్లిపాదీ చాలరు. సాయంత్రాలు గంజి పట్టుకెళ్ళే పని నాగవేణి తీసుకుంది. గంజి ఒక వంక. గదిలో ఒక మంచం, ఒక ముక్కాలిపీట, పడమర కిటికీ. వసంతమ్మ మంచం మీద, నాగవేణి పీట మీద. కిటికీలో వెలుగు మొదట పసుపు, తర్వాత ఇటుక రంగు, తర్వాత బూడిద. రేణిగుంట వైపు గూడ్సు బండి వెళ్ళేది. ఇద్దరూ దాని చివరి పెట్టె చప్పుడు కూడా కరిగిపోయేదాకా వినేవాళ్ళు. గిన్నె కడిగి తీసుకుని నాగవేణి లేచేది. ఇంటికి వెళ్ళేసరికి ఒంట్లో ఎక్కడో నీళ్ళు ఊరినట్టుండేది. మునిశేఖర్ చెప్పే కథలకి నవ్వు కూడా వచ్చేది.

ఒకే ఒక్క రోజు వసంతమ్మ నాలుగు మాటలు కలిపి మాట్లాడింది. మీ ఊర్లో సాయంత్రాలు ఏం చేస్తారక్కా అని నాగవేణి అడిగితే.

"ఏం చేస్తాం. పురుగులకి ఆకేసి ఆడే కూచుంటాం. అవి ఆకు తింటాంటే సన్నవాన పడినట్టు ఉంటాది. ఆ చప్పుడే ఇంటా ఉంటాం."

ఆ రాత్రి నాగవేణికి ఆ ఊరు కళ్ళకి కట్టింది. వాకిళ్ళలో మనుషులు, ఎవరి నోటా మాట లేదు, ఎవరూ ఎవరి నుదురూ తాకి చూడరు. ఊరంతా సన్నవాన. తను పడాల్సిన నేల అదే. గాలి కాస్త అటు తోలి ఉంటే చాలు.

కట్టు విప్పి, కర్ర పట్టుకుని వ్యాను ఎక్కేటప్పుడు వసంతమ్మ, "రా. ఒక గది ఉండాది" అంది.

ఆ తర్వాత ఫోన్లు. వసంతమ్మ చేసేది, లేకపోతే ఈమె. "అక్కా", "ఆఁ నాగవేణీ". అంతే. చెవి దగ్గర పెట్టుకుని ఇద్దరూ కూచునేవాళ్ళు. అటు నుంచి గాలి, ఎక్కడో కుక్క, ఇటు నుంచి కాటా చప్పుడు. మునిశేఖర్ మొదట్లో ఫోన్ పాడైందనుకున్నాడు. తర్వాత, "ఎన్ని మాటలైనా ఆడుకోమని కంపెనీవాడు ప్లాన్ ఇస్తే, మీరిద్దరూ వాడికి నామం పెడతాండారు గదే" అని ఊరంతా చెప్పుకుని నవ్వాడు.

తన కొడుకు బాలాజీ పెళ్ళయితే, కోడలు ఇల్లు పట్టుకుంటే, ఆ గదికి వెళ్ళి ఉండాలని నాగవేణి అనుకుంది. ఆ పెళ్ళీ అయింది. ఒక రోజు అన్నం వడ్డిస్తూ చెప్పింది. ముందు ఒక నెల, నచ్చితే ఇంకా.

"మాట్లాడని ఊర్లో నువ్వెట్ల బతుకుతావే?" అని నవ్వాడు మునిశేఖర్.

"ఆడే బతికేది" అంది నాగవేణి.

ఆయన ఆమె మొహం చూశాడు. ముద్ద కలుపుతూ కలుపుతూ ఉండిపోయాడు. "పో మరి" అన్నాడు. "నేనేమన్నా పట్టుకున్నానా."

చింతపండు కొత్త పంట వచ్చే కాలం, మండీ ఊపిరాడని పని. అది తీరేసరికి వానలు. వానల్లో వసంతమ్మ ఫోన్ ఎత్తడం మానేసింది. కొన్నాళ్ళకి స్విచ్ ఆఫ్ అని వచ్చింది. "ఏమైందో ఏమో, ఇంగెవురినన్నా అడిగితే గదా తెలిసేది" అని మునిశేఖరే పోరు పెట్టాడు.

"వాళ్ళంతే" అంది నాగవేణి నమ్మకంగా. "ఆ పక్కోళ్ళు మాట్లాడేవాళ్ళు గాదు. పోతే కూచోబెట్టుకుంటారు."

అందరి కేకలూ పోల్చుకునే మనిషి, ఒక్క మౌనాన్ని పోల్చుకోలేకపోయింది.

చలికాలంలో బయల్దేరింది. చిన్న సంచిలో నాలుగు చీరలు, పావుసేరు చింతపండు. తిరుపతిలో బస్సు మారి, చిత్తూరు దాటి, మొగిలి ఘాట్ ఎక్కుతుంటే కిటికీలోంచి గాలి చల్లబడింది. చెవులు మూసుకుపోయి తెరుచుకున్నాయి. ఊరు దగ్గరయ్యేకొద్దీ నోరు కూడా కడుక్కుని శుభ్రంగా పెట్టుకున్నట్టు కూచుంది. పక్క సీటు పలమనేరావిడ ఎక్కిన దగ్గర నుంచీ తన ఆడబిడ్డ ఆగడాలు చెప్తూనే ఉంది. వెనక ఇద్దరు టమేటా రైతులు బస్సు అదిరేలా పోట్లాడుకుంటున్నారు. వీళ్ళు చిత్తూరుకి పోయొచ్చి పాడైనవాళ్ళు అనుకుంది నాగవేణి.

ఆటో దిగి వసంతమ్మ పేరు చెప్పగానే వాకిట్లోకి ఒక చిన్న వయసు మనిషి పరిగెత్తుకొచ్చింది. వసంతమ్మ కోడలు రూపశ్రీ.

"నువ్వు పుత్తూరు చిన్నత్తవు గదా. నాకు తెలస్తాంది, చెప్పొద్దు, చెప్పొద్దు. రా రా, ఎండనపడి వచ్చినావు. ఏ బస్సుకొచ్చినావు? ముందు చెప్పుంటే మా ఆయన బండేసుకోని వచ్చుండునే."

ఆ మాటల వెనక, వసారా గోడ మీద వసంతమ్మ ఉంది. ఫోటోలో. బొట్టు కొత్తగా పెట్టినట్టుంది. మాల వాడింది.

నాగవేణి సంచి దించలేదు.

"వానల్లో జొరం" అంది రూపశ్రీ. గొంతు తగ్గింది గానీ మాట ఆగలేదు. "పలమనేరుకి ఎత్తుకోని పోయినాం, చిత్తూరుకి ఎత్తుకోని పోయినాం. నీకు చెప్దామంటే అత్త ఫోన్లో పేర్లు యాడుండాయి? నెంబర్లన్నీ తలకాయలోనే పెట్టుకునేది. ఆ ఫోనూ నీళ్ళ తొట్లో పడిపోయ. పుత్తూరులో నాగవేణంటే ఎవుర్ని అడిగేది చిన్నత్తా?"

అడిగితే పుత్తూరులో ఏ బెంచీ మీద మనిషైనా చెప్పేవాడు. నాగవేణి మాల సరిచేసింది.

సాయంత్రమైంది. ఆమె ఇన్నేళ్ళు ఎదురుచూసిన సాయంత్రం. వాకిట్లో జనం చేరారు. పుత్తూరు నుంచి కట్టు కట్టే ఆమె వచ్చిందని మోకాళ్ళు, మోచేతులు చూపించుకునేవాళ్ళు కొందరు, బెంగుళూరులో కొడుకు కొన్న ఇంటి గురించి చెప్పేవాళ్ళు కొందరు. ఒక ముసలాయన అందరి మాటకీ అడ్డం తగులుతున్నాడు. ఎదురింట్లో సీరియల్ మోగుతోంది. నాగవేణి చివరికి అడిగేసింది.

"మీ ఊర్లో సాయంత్రమైతే అందరూ ఊరికే కూచుంటారంట గదా?"

నవ్వు. వాకిలి మొత్తం.

"ఎవురు చెప్పింది? మా అత్తా?" రూపశ్రీ కళ్ళు తుడుచుకుంది. "ఆమెకి నోరు లేదని ఊరికి లేదంటే ఎట్ల చిన్నత్తా. మా మామ ఉన్నెప్పుడు అనేవాడంట, యాడి నుంచో తెచ్చి నాకు అంటగట్టినారు, ఈ బిడ్డ మన పక్క బిడ్డ కాదు అని."

"పుట్టినిల్లు యాడ?" అంది నాగవేణి.

"ఇదో, ఈ పక్క వీధే."

ఆకు వేసే వేళయింది. బయటివాళ్ళని పురుగుల కొట్టంలోకి రానివ్వరు. కానీ రూపశ్రీ తనే పిలిచింది. కాళ్ళు కడిగించి, తలలో పూలు తీయించి, గడపలోని సున్నం మీద తొక్కించి లోపలికి తీసుకెళ్ళింది. అరలు అరలుగా తెల్లటి పురుగులు. వాటి మీద మల్బరీ కొమ్మలు పరుస్తూ రూపశ్రీ మాట్లాడుతూనే ఉంది, ఆకు ధర, గూళ్ళ ధర, కరెంటు. మాటకీ మాటకీ మధ్య సందులో ఏదో చప్పుడు మొదలైనట్టుంది. నాగవేణి ఆ సందుల కోసం చెవి పెట్టింది.

"నీ గురించి చెప్పేది తెల్సునా మా అత్త" అంది రూపశ్రీ. "ఆమె చెప్పిన మాటలే తక్కువ, అందులో ఇదొకటి. పుత్తూరోళ్ళు ఎంత నిమ్మళస్తులో అనేది. పక్కన కూచుంటే ఒక్క మాట అడగరు, గూడ్సు బండి ఇంటా కూచుంటారు, ఊరంటే అదీ అనేది. నేనూ నమ్మినా. నేను ఏదన్నా ఎక్కువ వాగితే పుత్తూరుకి పోతా పో అనేది."

నాగవేణి అర పట్టుకుని నిలబడింది.

"ఆ కుంటుకాలు పట్టుకోని నిచ్చెనెక్కబాక అత్తా, మళ్ళా ఇరుగుతాది అంటే ఏమనేదో తెల్సునా? ఇరిగితే బాగుండు అనేది. మళ్ళా అంతసేపు పుత్తూరులో ఉండొచ్చు అని."

ఇంట్లో ఫోన్ మోగింది. రూపశ్రీ చేతులు తుడుచుకుంటూ బయటికి వెళ్ళింది.

అప్పుడు వినిపించింది. ముందు ఒక మూల, తర్వాత అన్ని అరల్లో. ఆకు మీద సన్నవాన. పైకప్పు కింద, తడి లేని వాన, ఎక్కడా ఆగకుండా. తలుపు పక్కన బోర్లించిన బుట్ట ఒకటి ఉంది, అడుగు నునుపుదేలింది. ఆ బుట్ట మీద కూచునేది కాబోలు. నాగవేణి దాని పక్కన నేల మీద కూచుంది. గోడ అవతల ఊరు అరుస్తూనే ఉంది, బజారు వీధి అరిచినట్టే. వాన వింటూ వసంతమ్మ ఇక్కడ కూచుని మనసులో ఒక పుత్తూరుని కట్టుకుంది, పీట మీద కూచుని తను మనసులో ఈ ఊరిని కట్టుకున్నట్టే. ఇద్దరూ బస్సెక్కి ఒకరి ఊరికి ఒకరు వెళ్ళిపోయి ఉంటే, ఘాట్ రోడ్డు మీద ఎదురెదురుగా దాటిపోయేవాళ్ళు.

రూపశ్రీ తిరిగొచ్చి ఏడుస్తున్నావా చిన్నత్తా అంది. లేదమ్మా, ఇంటాండా అంది నాగవేణి.

గది చూపించారు. ఉండమన్నారు, మనసారా అన్నారు. మర్నాడు పొద్దున్నే ఆమె బస్సెక్కింది.

మునిశేఖర్ ఆమెని చూసి ఏమీ అడగలేదు. అది ఆయనకి ఎంత కష్టమో ఆమెకి తెలుసు. ఆ సాయంత్రం పెరటి మెట్టు మీద ఆమె పక్కన కూచున్నాడు. నోరు మూసుకున్నాడు గానీ చేతులు మాట్లాడుతున్నాయి, మోకాలు ఊగుతోంది. కాసేపటికి, "ఏం మే, ఇట్లనేనా? బాగా చేస్తాండానా?" అన్నాడు. నాగవేణి నవ్వి ఆయన భుజం మీద తల ఆనించింది. "బాగా చేస్తాండావు. పో, పొయ్యి కాటా సూసుకో."

తెర వెనక ఇప్పటికీ అదే పని. నెల్లూరాయన చేపలు చెప్తాడు, గుంటూరాయన వాదిస్తాడు. లెక్క చాలామందికి కుదురుతూనే ఉంది. కానీ ఈ మధ్య ఎవరైనా తలూపి ఊరుకుంటే ఆమె రెండో ప్రశ్న వెయ్యడం లేదని ఢిల్లీబాబు చెప్పాడు. వాళ్ళ చెయ్యి పట్టుకుని ఊరికే ఉంటుందట. ఎప్పుడు లాగాలో తెలియక ఆయన తంటాలు పడుతున్నాడు.

ఈ సంగతులన్నీ ఒక మధ్యాహ్నం, బెంచీలు ఖాళీ అయ్యాక, నాగవేణి నాకు చెప్పినవే. అడిగినదానికల్లా ఓపిగ్గా చెప్పింది. చివరికి, ఇప్పుడు చెప్పమ్మా, నువ్వు ఏ ఊరిదానివని అనుకుంటున్నావు అని అడిగితే, బయటి ఎండ వైపు చూసింది. గూడ్సు బండి ఒకటి రేణిగుంట వైపు వెళ్తోంది.

"ఇంగేం అడగబాకప్పా" అంది. "రవ్వంత సేపు ఊరికే కూచోని పో."